మూడోసారి అడిగే ప్రశ్న

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ మత్తు డాక్టరమ్మ అంటారు. వెనకాల మాత్రం ‘ఏం తిన్నావమ్మ’ అంటారు. ఈ రెండో పేరు సంగతి ఆమెకు తెలియదని వాళ్ళ నమ్మకం. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే వరండాలో తిరుగుతున్న మనిషికి తన వెనకాల ఏమంటున్నారో తెలియకుండా ఉంటుందా? తెలుసు. పట్టించుకునే ఓపిక లేదు, అంతే.

ఓపిక అడుగంటి చాలా కాలమైంది. ఆపరేషన్ బల్లలు మూడు, మత్తు డాక్టర్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో రెండో మనిషి ఆమె దగ్గరే పని నేర్చుకున్న చిన్న డాక్టరు. సర్జన్ కోస్తాడు, కుడతాడు, చేతులు కడుక్కుని వెళ్ళిపోతాడు. కోత మొదలవక ముందు నుంచీ కుట్లు పడ్డాక కూడా బల్ల మీది మనిషి ఊపిరి ఈమె చేతిలో ఉంటుంది. నిద్రపుచ్చడం పెద్ద విద్యేమీ కాదు. ఊపిరి ఆగకుండా, రక్తపోటు పడిపోకుండా కాపలా కాసి, పేరు పెట్టి పిలిస్తే పలికేలా మళ్ళీ లేపాలి చూడండి, అదీ విద్య. పక్కనున్న మిషను నాడి కొట్టుకున్నప్పుడల్లా కూత పెడుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఆ కూత స్వరం కిందికి దిగుతుంది. ఆమె తెర వంక చూడకుండానే చెవితో పట్టేస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడక కూత పెట్టినా ఉలిక్కిపడి లేస్తుంది. ఇంతా చేస్తే, లేచిన మనిషికి ఆమె ముఖమే గుర్తుండదు. దండాలు సర్జన్‌కి, వాంతులు ఈమెకి.

ఇక ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. ఆపరేషన్‌కి వచ్చినవాళ్ళను ఆమె మూడుసార్లు అడుగుతుంది. మొదటిసారి వార్డులో, రెండోసారి థియేటర్ తలుపు దగ్గర. “ఏమైనా తిన్నావా? ఏమైనా తాగావా?” అందరూ బుద్ధిగా లేదంటారు. మూడోసారి బల్ల మీద పడుకోబెట్టాక అడుగుతుంది. తలగడ సర్దుతూ, మత్తు మాస్కు చేతిలో పట్టుకుని, ముఖం కూడా చూడకుండా పక్కింటి మనిషిని పలకరించినట్టు అంటుంది: “పొద్దున టీ ఎలా ఉంది?”

తాగనివాళ్ళు గయ్యిమంటారు. “టీ ఎక్కడిదమ్మా, నీళ్ళు కూడా ముట్టొద్దన్నారుగా!” తాగినవాళ్ళు మాత్రం నోరు జారతారు. “బాగానే ఉందమ్మా, పంచదారే కాస్త ఎక్కువైంది.”

అంతే, మాస్కు కింద పెట్టేస్తుంది. “లే. ఇవాళ నీకు ఆపరేషన్ లేదు.”

సర్జన్‌కి ఒళ్ళు మండిపోతుంది. “ఒక్క గుక్క టీకి లిస్టంతా తారుమారు చేస్తారా మేడమ్?”

“ఆ గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే మీరొచ్చి తోడతారా?” అంటుంది. గొంతు పెంచదు. పెంచే శక్తి ఉంటే కదా.

ఈ మూడో ప్రశ్న ఆమెకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. ఒక తాపీమేస్త్రీ నేర్పాడు. ఉద్యోగంలో చేరిన ఐదో ఏడు, కాలు విరిగి వచ్చాడు. ఏమీ తినలేదన్నాడు. మత్తులోకి జారగానే కడుపులో ఉన్నదంతా పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది. మెలకువలో ఉన్నప్పుడు గొంతుకి కాపలా ఉంటుంది, మత్తిస్తే ఆ కాపలా కూడా నిద్రపోతుంది. పందొమ్మిది రోజులు ఊపిరి మిషను మీద ఉండి చనిపోయాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్న అతని భార్య ఈమె చెయ్యి పట్టుకుని అడిగింది. “కోత కదా, ఒంట్లో బలం ఉండాలని గ్లాసుడు పాలు తాగించానమ్మా. నా వల్లేనా?”

“కాదమ్మా,” అంది డాక్టరమ్మ. అంతకంటే పెద్ద అబద్ధం ఆమె ఇంకెప్పుడూ ఆడలేదు. పైకి అలా అంది గానీ, ఆ మేస్త్రీ మీద లోపల కోపం పెట్టుకుంది. చెప్పొచ్చు కదా, ఒక్క ముక్క చెప్పొచ్చు కదా అని ఇన్నేళ్ళూ నమిలింది.

ఇప్పుడు డాక్టరమ్మ కథకే వద్దాం. పిత్తాశయంలో రాళ్ళు. ఎనిమిది నెలలుగా నొప్పి వచ్చినప్పుడల్లా గోడకు ఒరిగి, పళ్ళు బిగబట్టి, అది తగ్గాక మళ్ళీ స్టూలు మీద కూర్చుని పని చేస్తోంది. చిన్న గాట్లతో ఆ ఆపరేషన్ చేసే సర్జన్ వారానికి ఒక్కరోజు, గురువారం వస్తాడు. పదకొండు కొట్టేసరికి వెళ్ళిపోతాడు. చిన్న డాక్టరుకి ఏడో నెల, సోమవారం నుంచి నాలుగు నెలలు సెలవు. తను బల్ల ఎక్కితే మత్తివ్వడానికి ఆ పిల్ల ఉండాలి, ఆ పిల్ల సెలవులో ఉంటే ఈమె కదలడానికి లేదు. కాబట్టి ఈ గురువారం, తొమ్మిది గంటలకు. తప్పితే నాలుగు నెలల తర్వాతే.

సాయానికి చెల్లెలు వచ్చింది. బడిలో టీచరు, సెలవు పెట్టుకుని బస్సెక్కి వచ్చింది.

గురువారం పొద్దున ఐదూ ముప్పావుకి డాక్టరమ్మ వంటింట్లో కిటికీ దగ్గర నిలబడి ఉంది. చేతిలో కప్పు. సగం ఖాళీ. ముందురోజు సాయంత్రం దాకా నాలుగు ఆపరేషన్లు చూసి వచ్చిన ఒళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ వేళకు ఈ చేతులు పాలు పొంగించి టీ కాస్తాయి, రోజు మొత్తం మీద తనదంటూ ఉన్నది ఈ పది నిమిషాలే. కళ్ళు సగం మూసుకునే కాచింది, సగం మూసుకునే తాగింది. ఇవాళ గురువారమని సగం కప్పు దగ్గర గుర్తొచ్చింది. 

మిగిలింది తొట్లో పారబోసింది. కప్పు కడిగింది. తుడిచింది. రోజూ కప్పును తొట్లోనే వదిలేసే మనిషి, అలమరలో వెనక్కి పెట్టి బోర్లించింది.

చెల్లెలు తల తుడుచుకుంటూ వచ్చి, “ఏమీ తాగలేదు కదా అక్కా?” అంది.

“లేదే.”

పాలు కలిసిన టీ కడుపులోంచి దిగడానికి ఆరు గంటలు పడుతుంది. ఆ లెక్క ఆమె నిద్రలో లేపినా చెబుతుంది. తొమ్మిదింటికి మూడుంపావు గంటలే అవుతుంది. దారంతా తనకు తానే నచ్చజెప్పుకుంది. సగం కప్పే. అందులో పాలు తక్కువే. ఏమవుతుంది, వందమందిలో ఒక్కరికి కూడా కాదు. ఈ మాటలన్నీ బల్ల మీది నుంచి దింపినవాళ్ళ నోట ఆమె ఎన్నిసార్లు విందో!

వార్డులో చిన్న డాక్టరు అడిగింది. లేదంది. థియేటర్ తలుపు దగ్గర మళ్ళీ అడిగింది. లేదంది. రెండోసారికి అబద్ధం మరీ తేలిగ్గా వచ్చేసింది.

బల్ల మీద పడుకుంటే నెత్తిన పెద్ద దీపం కనిపించింది. ఇన్నేళ్ళలో దాన్ని కింది నుంచి చూడటం ఇదే మొదలు. వీపుకి బల్ల చల్లగా తగిలింది. భయపడేవాళ్ళను ‘ఏం కాదు, పడుకో’ అని కసిరినందుకు సిగ్గేసింది. అవతల సర్జన్ చేతులు కడుక్కుంటున్న నీళ్ళ చప్పుడు.

చిన్న డాక్టరు ఆమె తల కింద తలగడ సర్దింది. మాస్కు చేతిలోకి తీసుకుంది. ముఖం చూడకుండా, పక్కింటి మనిషిని పలకరించినట్టు అంది:

“పొద్దున టీ ఎలా ఉంది మేడమ్?”

ఆ ప్రశ్న తనదే, ఆ పిల్లకు నేర్పింది కూడా తనే. దానికి ఎలా గయ్యిమనాలో తనకన్నా బాగా ఎవరికి తెలుసు? మాట నాలుక చివర ఉంది. పైకి చూసింది. ముఖానికి కట్టుకున్న మాస్కు పైన ఆ పిల్ల కళ్ళు కనిపించాయి. నిద్రలేక కింద నల్లగా చారలు. ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని నిలబడింది. జరగరానిది జరిగితే తనదేముంది, పోతుంది. పందొమ్మిదో రోజున బెంచీ మీద చెల్లెలు చెయ్యి పట్టుకుని అడిగేది ఈ పిల్లనే. తర్వాత ఇరవయ్యేళ్ళు మోసేదీ ఈ పిల్లే.

“బాగానే ఉందమ్మా,” అంది డాక్టరమ్మ. “సగమే తాగాను.”

చిన్న డాక్టరు చేతిలోని మాస్కు కిందికి దిగింది. 

“ఎప్పుడు?”

“ఐదూ ముప్పావుకి.”

“రెండుసార్లు లేదన్నారు!”

“అన్నాను.”

సర్జన్ తడి చేతులు పైకెత్తుకుని లోపలికి వచ్చాడు. “మొదలెడదామా?”

“ఇవాళ ఈ ఆపరేషన్ లేదు సార్,” అంది చిన్న డాక్టరు. గొంతు పెంచలేదు. డాక్టరమ్మ భుజం కింద చెయ్యేసి లేపి కూర్చోబెట్టింది. “నాలుగు నెలలు మేడమ్... ఎలా ఓర్చుకుంటారు?”

“రాళ్ళేగా, ఎక్కడికీ పారిపోవులే,” అంది డాక్టరమ్మ. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

వరండాలో చెల్లెలు బెంచీ మీది నుంచి గబుక్కున లేచింది. “అప్పుడే అయిపోయిందా అక్కా?” విషయం విని నోరెళ్ళబెట్టింది. “మరి నేనడిగితే లేదన్నావేంటే?”

డాక్టరమ్మ ఆ బెంచీ మీదే కూలబడింది. మేస్త్రీ భార్య కూర్చున్నదీ ఈ చివరే. కప్పు కడిగి అలమరలో వెనక్కి బోర్లించిన చేతుల వంక చాలాసేపు చూసుకుంది. ఇన్నేళ్ళుగా నములుతున్న కోపం కోసం లోపల వెతికితే దొరకలేదు.

“చెప్పొచ్చు కదా అక్కా, ఒక్క ముక్క,” అంది చెల్లెలు.

“అంత తేలిక కాదే,” అంది. “ఒక టీ తెప్పించు. పొద్దున సగమే తాగాను.”