గుమ్మం దాకా వినిపించిన గొంతు

ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకైతే చెప్పగలననిపిస్తోంది.

లలితా నేనూ అమలాపురంలో కలిసి చదువుకున్నాం. రేడియోలో పనికి ఇద్దరం గొంతు పరీక్షకు వెళ్లాం. తనను తీసుకున్నారు. నేతపనివాళ్ల కోసం మధ్యాహ్నం కార్యక్రమం అప్పగించారు. నూలు ధరలు, రంగులద్దేటప్పుడు జాగ్రత్తలు, నాలుగు కబుర్లు. ఏముంది దాని గొంతులో? విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. అయినా ఒక్క రోజూ వినడం మానలేదు.

తరువాత ఆ కార్యక్రమం వల్ల జనానికి ఉపయోగం ఉందో లేదో తేల్చే సర్వేలో నాకు పని దొరికింది. కార్యక్రమం వచ్చే వేళకు ఇళ్లకు వెళ్లాలి, రేడియో మోగుతోందా లేదా చూసి రాసుకోవాలి. నా వంతుకు పక్కనే ఉన్న నేతపనివాళ్ల ఊరు బండారులంక వచ్చింది.

ఏ సందులోకి వెళ్లినా మగ్గాల చప్పుడుతో పాటు లలిత గొంతే. నేను గుమ్మం ఎక్కగానే మగ్గం ఆపేవారు, రేడియో కట్టేసేవారు, కుర్చీ వేసేవారు. మనిషి ఇంటికొస్తే మావాళ్ల మర్యాద అది. నాకు తెలియదా? ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని. అయినా ప్రతి ఇంటికీ మోగడం లేదనే రాశాను. లోపల అడుగుపెట్టాక మోగడం లేదు కదా, కళ్లతో చూసిందే రాశాను కదా, ఇందులో అబద్ధమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంకేమైనా గమనించారా అని ఆఫీసులో అడిగారు. లేదన్నాను.

కార్యక్రమం తీసేశారు. ఆ రోజు నేను సంతోషించాను. కడుపు చల్లబడింది.

కొన్నాళ్లకు ఆ ఊరికే చీర కొనడానికి వెళితే, మగ్గం నేసే సత్యవతిగారు నన్ను గుర్తుపట్టారు.

"ఆ అమ్మాయిగారి కబుర్లు రావట్లేదేంటండీ? మీరప్పుడు వచ్చేరు కదా, మేం వింటామని చెప్పలేదాండీ?"

"చెప్పేనండీ. వాళ్లే పట్టించుకోలేదు."

"ఆయ్. మీరు మాత్రం ఏం చేస్తారులెండి."

నన్నే ఓదార్చి, టీ పెట్టించి ఇచ్చారు. తాగాను.

లలిత ఇప్పుడు ఒక చీరల కొట్లో పనిచేస్తోంది. ఎదురైతే ఆప్యాయంగా పలకరిస్తుంది. అప్పుడు నాకు సిగ్గేస్తుందని రాస్తే బాగుండేది. కానీ ముందు వచ్చేది అసూయే. తను చీర చూపిస్తూ మాట్లాడుతుంటే కొట్లో ఉన్నవాళ్లందరూ అటే తిరుగుతారు, నా కళ్లు కుడతాయి. ఇంత జరిగాక కూడానా? అవును.

తనకు చెప్పే ధైర్యం లేదు. కనీసం ఇక్కడైనా ఉన్నదున్నట్టు రాస్తాను. బండారులంకలో ఆ మధ్యాహ్నం రేడియో మోగుతోంది. ప్రతి ఇంట్లోనూ. నేను విన్నాను.