రాణిగారు కాదండీ

తెనాలిలో మాది ఇత్తడి, రాగి సామాన్ల కొట్టు. పాత రాగి బిందెలు ఇచ్చేసి స్టీలు గిన్నెలు పట్టుకెళ్ళే రోజులవి. ఆ పాత సామాన్లో అప్పుడప్పుడు రాగి నాణేలు దొరికేవి. మా ఆయన వాటినీ బిందెలతో పాటే తూకంలో పడేసేవారు. నేను ఏరుకుని ఒక డబ్బాలో దాచుకునేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒంగోలు వైపు ఎప్పుడో అమెరికా దొరలుండి వెళ్ళిన బంగళా సామాను మా కొట్టుకొచ్చింది. అందులో ఒక కాగు అడుగున మట్టితో అతుక్కుపోయి ఒక నాణెం కనిపించింది. మన రూపాయి బిళ్ళ కంటే పెద్దది, ముదురు గోధుమ రంగు. ఒక వైపు కొప్పు చుట్టుకున్న ఆడమనిషి తల, రెండో వైపు అరిగిపోయిన ఆకుల దండ. అక్షరాలు దాదాపు చెరిగిపోయాయి.

మా అత్తగారు చింతపండు పట్టుకుని సిద్ధమయ్యారు. "ఇటివ్వవే, నిమిషంలో తళతళలాడిస్తా. రాగి అలా నల్లగా ఉంటే ఇంటికి దరిద్రం."

"చచ్చినా ఇవ్వను అత్తయ్యా."

తోమిన రాగి గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ పాత రంగు మళ్ళీ మన జన్మలో తిరిగిరాదు. రెండు మంచి నాణేలు నా చేతులతో నేనే తోమి పాడుచేసుకున్నాక తెలిసొచ్చిన సంగతి ఇది. ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది కనుక నేనూ పలకరించలేదు.

తర్వాత రెండేళ్ళు, వీలు దొరికినప్పుడల్లా నెట్ సెంటర్లో కూర్చున్నాను. చదివింది పదో తరగతి. ఒక్కో ఇంగ్లీషు మాటకు డిక్షనరీ తిరగేస్తూ, బొమ్మలు ప్రింటు తీయించుకుని ఇంట్లో భూతద్దంతో పోల్చుకునేదాన్ని. చివరికి తేలింది, అది పాత అమెరికా సెంటు. ఆ ఆడమనిషి ఏ రాణీ కాదు, స్వేచ్ఛకు వాళ్ళు గీసుకున్న రూపం.

గుంటూరులో నాణేలు సేకరించేవాళ్ళు ప్రదర్శన పెడితే పట్టుకెళ్ళాను. పెద్ద బల్ల దగ్గర రిటైరైన లెక్చరర్ గారొకాయన ఉన్నారు. నాణెం ఏదో చెప్పేది, చీటీ రాసేది ఆయనే. ఆయన మాటకు అక్కడ తిరుగులేదు. మా సామాన్ల కొట్లో దొరికిందని చెప్పి ఇచ్చాను. నా నాణెం అటూ ఇటూ తిప్పి, "రాణిగారి అర్ధణా అమ్మా, బాగా అరిగింది," అని అర్ధణాల ట్రేలో పడేశారు. మా వైపు రాగి మీద ఆడమనిషి కనిపిస్తే చాలు, తెల్లదొరల కాలం నాటి రాణిగారే.

"రాణిగారు కాదండీ, అమెరికా సెంటు."

"నాణెం గుర్తుపట్టడమంటే కొట్లో బిందెలు తూచడం కాదమ్మా," అన్నారు నవ్వుతూ. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఇప్పుడు నోరు మూసుకుని వెళ్ళిపోతే నా రెండేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే, మళ్ళీ ఆ గుమ్మం తొక్కే మొహమూ ఉండదు. తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకున్నాను.

"తూచడమే నాకొచ్చిన పనండీ, తూచే చూద్దాం," అని పక్క బల్ల మీదున్న వెండి తూచే కాటా అడిగి తీసుకున్నాను. ఆయన అర్ధణా పన్నెండున్నర గ్రాములు దాటింది. నాది పదిన్నర.

"అరిగిందన్నాగా," అన్నారాయన.

"రెండు గ్రాములు అరిగితే అంచు మిగలదండీ. వేలు పెట్టి చూడండి, చుట్టూ నిండుగా ఉంది. పైగా మీ రాణిగారికి కిరీటం ఉంది, ఈవిడకు నుదుటి మీద పట్టీ ఒక్కటే."

ఆయన నవ్వడం మానేసి, నాణెం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. ఏటవాలు ఎండలో పెట్టి చూడమన్నాను. తల చుట్టూ చుక్కలుంటాయి, లెక్కపెట్టమన్నాను. ఆయన భూతద్దం పెట్టి పైకే లెక్కపెట్టారు. పది దాకా గబగబా సాగింది. పదకొండు దగ్గర నాణెం కాస్త వంచారు. పన్నెండు దగ్గర ఇందాక నవ్వినవాళ్ళూ ఆయన వెనక మూగారు.

"పదమూడు," అన్నారు. "అమెరికా వాళ్ళ మొదటి రాష్ట్రాల లెక్క. సెంటేనమ్మా. నేనే పొరబడ్డాను."

ఆ మాట ఆయన అందరికీ వినపడేలా అన్నారు. ఆ క్షణాన నేను నేల మీద లేను.

తెల్ల చీటీ మీద అమెరికా సెంటు అని రాసి, నన్ను సంతోషపెట్టాలనుకున్నారేమో, నాణెం ఎంత బాగా మిగిలిందో చెప్పే గ్రేడు దగ్గర "ఫైన్" అని రాయబోయారు.

"అలా రాయకండి, ఇది ఉత్త గుడ్," అన్నాను.

"గుడ్ అంటే బాగుందనేగా?" అన్నారెవరో వెనక నుంచి.

"నాణేల్లో గుడ్ అంటే దాదాపు అడుగు మెట్టండీ, ఫైన్ దానికి చాలా పైన. పట్టీ మీద ఇంగ్లీషులో లిబర్టీ అని ఉండే ఏడక్షరాలూ కనపడితేనే ఫైన్. దీనికి మూడే మిగిలాయి."

లెక్చరర్ గారు కలం ఆపి నా వంక చూశారు. "ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నా. తన నాణేన్ని తనే తగ్గించి చెప్పిన మనిషిని చూడలేదు." చీటీ మీద గుడ్ అని రాసి, లేచి తన కుర్చీ నా వైపు జరిపారు. "కూర్చోండి మీరు. మా అర్ధణాలకు కూడా మీరే గ్రేడు చెప్పాలి."

కూర్చున్నాను. ట్రే ముందుకు లాక్కున్నాను. ఒక్కదానికీ మొహమాటపడలేదు.