కొసరుకు మాత్రం కాళి

సాయంత్రం సికింద్రాబాద్ నుంచి వచ్చే రైలు జనగామలో ఆగగానే కాళి గంపను ఇంకాస్త ముందుకు జరుపుతుంది. స్టేషన్ ఎదుట సోమనర్సయ్య చెప్పుల దుకాణం మెట్టు ఆమె జాగ. లింగాల ఘనపూర్ దగ్గరి తండాలో మొగుడు లింగ్యాతో కలిసి పండించిన చిక్కుడుకాయ, పాలకూర అక్కడే అమ్ముతుంది. సోమనర్సయ్య ఎన్నడూ కిరాయి అడగలేదు. ధర్మగుణమేమీ కాదు. గంప దగ్గర ఆగినవాళ్లు చెప్పుల వైపు కూడా ఒక చూపు చూస్తారు.

రోజూ పట్నం పోయొచ్చే ఉద్యోగుల వల్ల చిన్న ఊళ్లు బాగుపడతాయని మైకులో చెప్పేవాళ్లున్నారు. జీతం అక్కడిది, ఖర్చు ఇక్కడట. వాళ్లు ఒక్క సాయంత్రం ఆ మెట్టు మీద కూర్చుంటే తెలుస్తుంది. రైలు దిగే ప్రతి చేతిలోనూ నిండు సంచే. పప్పు, బట్టలు, చెప్పులు, ఆఖరికి పిల్లల బిస్కెట్లు కూడా పట్నంవే. ఆడవాళ్లు మరీ హుషారు. సీటు దొరికితే చాలు, ఒళ్లో కవరు పరుచుకుని చిక్కుడుకాయలు గిల్లుకుంటూ వస్తారు. ఇంటికి రాగానే పొయ్యి మీద వేయడమే. ఊరికి మిగిలేది వాళ్ల నిద్ర.

పట్నంలో ఒక ఆఫీసులో పనిచేసే మనోరమ ఒకప్పుడు కాళి దగ్గరే కొనేది. ఇప్పుడూ రోజూ ఆగుతుంది.

“కాళీ, జర కరివేపాకు ఇయ్యి. రెండు కొత్తిమీర కాడలు గూడ.”

“చిక్కుడుకాయ తీస్కో మేడం, లేతగున్నయ్.”

“అయ్యో, తెచ్చుకున్న గద! రేపు తీస్కుంట.”

కొన్నదాని మీద వేస్తే కొసరు. కొనకుండా తీసుకునేదాన్ని ఏమనాలో కాళికి తెలియదు. అయినా ఇచ్చేది. ఇవ్వకపోతే ఆ ముఖం కూడా తప్పుకుంటుందని భయం. కరివేపాకు అయిపోయేది, చిక్కుడుకాయ వాడిపోయి ఇంటి మేకల పాలయ్యేది.

“మేకలు మంచిగ బలిసినయ్,” అన్నాడు లింగ్యా, తమ భాషలో. “అంత నీ మేడంల పుణ్యమే.”

“ఎక్కిరించకు.”

“ఎక్కిరింపు కాదే. కొనెటోళ్లు యాడుంటె ఆడికే పోవాలె.”

కాళి పొద్దుటి రైలెక్కింది. మూట చూసి సోమనర్సయ్య ధైర్యం చెప్పాడు. “పొయిరా. నీ జాగ యాడికి పోదు.”

సికింద్రాబాద్ స్టేషన్ బయట పట్టా పరుచుకుంది. సాయంత్రం ఎదురుగా మనోరమ!

“నువ్వేంది కాళీ, ఇక్కడ?” గొంతుక్కూర్చుని ఏరుకుంది. బేరం కూడా సరిగ్గా చేయలేదు. “ఎంత తాజాగున్నయే! మన జనగామల గిట్లాంటియి యాడ దొరుకుతయ్?”

కాళి తూకం వేసి, పైన కరివేపాకు వేసింది.

సరుకంతా అయిపోయింది. బిడ్డ దీప చెప్పులు తెగి వారమైంది. పక్కనే చెప్పులు కుప్ప పోసి అమ్ముతున్నారు, సోమనర్సయ్య ధర కంటే చవక. పెద్దగా ఆలోచించలేదు, ఒక జత కొంది.

తిరుగు రైల్లో కాళి తలుపు దగ్గర కింద కూర్చుంది. సీట్లో మనోరమ తండా చిక్కుడుకాయలు గిల్లుతోంది. పొద్దున పోయిన దారినే అవి వెనక్కి వస్తున్నాయి.

జనగామలో మెట్టు మీద గోనెపట్టా పరిచి ఉంది.

“ఎవ్వల్ని కూసోనియ్యలే,” అన్నాడు సోమనర్సయ్య. “అమ్ముడువొయినయా?”

“పోయినయ్ సేటు.”

“మరి సంచిల ఏమున్నయ్?”

మిగిలిన కాయలని చెబుదామనుకుంది. కానీ సంచి మూతిలోంచి చెప్పు మడమ ఒకటి తొంగిచూస్తోంది. చెప్పుల వ్యాపారికి వేరే చెప్పనక్కర్లేదు.

“దీపకా?”

కాళి తలూపింది.

సోమనర్సయ్య వంగి గోనెపట్టా తీశాడు. దుమ్ము దులిపి, మడిచి, దుకాణం లోపల పెట్టుకున్నాడు.