ఒడ్డెక్కిన పడవ పేరు

2022లో నెల్లూరులో ఒక అద్దెగదిలో కూర్చుని వెబ్‌పేజీలు చేసేవాణ్ణి. మైపాడులో వేటగాళ్ళ సంఘం ఒకటి నాచేత పేజీ చేయించుకుంది. సముద్రంలోకి వెళ్ళిన పడవల పేర్లు అందులో వరసగా ఉంటాయి. ఏది ఒడ్డుకొచ్చిందో ఇంట్లో ఆడవాళ్ళు ఫోన్‌లో చూసుకోవచ్చు. వాళ్ళదీ వలే, నాదీ వలే. వాళ్ళ వలలో చేపలు పడతాయి, నా దాంట్లో ఎక్కువగా తప్పులు పడతాయి.

పేజీ మొత్తం మళ్ళీ తెరవకుండా అందులో ఒక్క ముక్కనే మార్చే పని జావాస్క్రిప్ట్‌ది. అది చూసేవాళ్ళ ఫోన్‌లోనే నడుస్తుంది. ఆ ముక్కను మేం ఎలిమెంట్ అంటాం. రేవులో గుమాస్తా 'వచ్చింది' అని నొక్కగానే ఆ పడవ పేరు రిమూవ్ అయ్యేట్టు, అంటే జాబితాలోంచి మాయమయ్యేట్టు రాశాను. ఇక రావలసినవే మిగులుతాయి, చూడ్డానికి శుభ్రం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి వారంలోనే, గాలి ముదిరిన ఒక మధ్యాహ్నం, పేజీ అడుగున ఉన్న నా నంబరుకు సువార్తమ్మ అనే ఆమె ఫోన్ చేసింది. ఆమె భర్త 'కృప' అనే పడవలో వేటకెళ్ళాడు.

"అన్నా, నేను చూస్తా ఉండంగానే మా పడవ పేరు పోయింది. మిగతావన్నీ ఉండాయి."

"పోలేదక్కా, వచ్చేసింది. వచ్చినదాని పేరు పేజీ తీసేస్తుంది."

"వచ్చినోళ్ళ పేరు ఎవురన్నా తీసేస్తారా? నువ్వు చెప్పేది నాకెక్కలా. రేవుకు పోతుండా."

ఫోన్ పెట్టేయడం ఆమె మరిచిపోయింది. నేనూ పెట్టలేకపోయాను. గుమాస్తా ఒక పేరుకు బదులు ఇంకో పేరు నొక్కాడేమోనని నాకూ అనుమానమొచ్చింది. చాలాసేపు గాలి హోరు, ఆమె ఆయాసం. తర్వాత దూరంగా ఒక మగగొంతు:

"ఏందే, కూడు తెచ్చినావా?"



"తేలా," అంది సువార్తమ్మ. ఏడుస్తోంది.

మర్నాడు మైపాడు బస్సెక్కాను. రేవు షెడ్డులో నల్లబల్ల మీద పడవల పేర్లున్నాయి, కొన్నింటి పక్కన టిక్కులు.

"వచ్చినదానికి టిక్కు పెడతాం సార్," అన్నాడు గుమాస్తా. "ఆఖరి పడవ ఒడ్డెక్కిందాకా బల్ల తుడవం. ఒక్క పేరు చెరిపినా ఆడోళ్ళు తట్టుకోలేరు."

మొదటిసారి వచ్చినప్పుడు ఆ బల్లకు ఆనుకునే పేజీ గురించి మాట్లాడాను. అంటే దాన్ని వీపుతో చూశానన్నమాట.

అక్కడే కూర్చుని మార్చాను. ఇప్పుడు వచ్చిన పడవ పేరు చోటు కదలదు, పచ్చగా మారి పక్కన టిక్కు పడుతుంది. అన్నీ వచ్చాకే జాబితా ఖాళీ అవుతుంది.

ఎలిమెంట్‌ను తీసేయడానికి ఒక్క మాట రాస్తే చాలు. ఆ మాట రాసే ముందు, దానికోసం ఎవరు చూస్తూ కూర్చుంటారో ఇప్పుడు అడిగి తెలుసుకుంటాను.