కుట్టేసిన పేజీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక లావుపాటి ఉర్దూ పుస్తకం ఉండేది. దాని చివర్లో ఇరవయ్యో ముప్పయ్యో కాగితాలను ఒక్కచోట చేర్చి, అంచు వెంట తెల్లదారంతో కుట్టేశాడు మా తాతయ్య. ముందున్న పేజీలన్నీ చేతులు తగిలి తగిలి మెత్తబడి, మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. ఆ కుట్టేసిన కట్ట మాత్రం కొత్త పుస్తకంలాగే ఉండేది. నాకు అరవై దాటి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఆ పుస్తకం తలచుకుంటే అందులోని కథలకంటే ముందు ఆ దారమే గుర్తొస్తుంది.

మా తాతయ్య పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి జిల్దులు కట్టేవాడు. సైదాబాద్‌లో మా ఇంటి ముందుగదే ఆయన దుకాణం. చిరిగిన బడిపుస్తకాలు, వీపు ఊడిన ఖురాన్ ప్రతులు ఆయన దగ్గరికి వచ్చేవి. మైదాపిండి ఉడికించిన జిగురు వాసన లేకుండా మేం అన్నం తిన్న రోజు లేదు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం మాది. మాకు ఉర్దూ పుస్తకాల్లో, తెలుగు నోట్లో ఉండేవి. ఉర్దూలో చదివి తెలుగులో చెప్పడం తాతయ్యకు అలవాటు. నేను పెద్దయ్యాక తెలుగు పంతులమ్మను కావడానికి ఆ అలవాటే కారణమని నా నమ్మకం.

ఆ పుస్తకం సహాబీల గురించి. అంటే ప్రవక్తను, సల్లల్లాహు అలైహి వసల్లం, కళ్ళారా చూసి, ఆయన వెంట నడిచిన మొదటి తరం వాళ్ళు. వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు ఎంత దానం చేసినా, ఎంత నమాజు చదివినా వాళ్ళ కాలి ధూళికి సరిపోరని తాతయ్య చెప్పేవాడు. వాళ్ళలో ఒకరి పేరు నోట్లోకి వచ్చిందంటే దబ్బనం కింద పెట్టి, 'రజియల్లాహు అన్హు' అని, అంటే అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగు గాక అని పూర్తిగా అన్నాకే మళ్ళీ చేతిలోకి తీసుకునేవాడు. నడుస్తూ నడుస్తూ అనడం, గొణిగేసి పోవడం ఆయనకు పనికిరాదు. మా చిన్నాన్నకు ఇది విసుగు.

"నువ్వు కథ చెప్పుకుంట కుడితే గీ జిల్దు రంజాన్ దాకా కాదు. పేరుకు రెండు కుట్లు ఆగవడ్తివి," అనేవాడు.

"కుట్టు ఆగితే ఏమైతది? పేరు ఉత్తగ పోవద్దు," అని తాతయ్య నవ్వేవాడు.

ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా ఇష్టమైనది దీపం కథ. మదీనాలో ఒక సహాబీ ఇంటికి ఆకలితో ఉన్న అతిథి వచ్చాడు. ఇంట్లో పిల్లలకు సరిపడా తిండి తప్ప మరేమీ లేదు. ఆ ఇల్లాలు పిల్లలను జోకొట్టి నిద్రపుచ్చింది. అతిథి ముందు అన్నం పెట్టి, దీపం సరిచేస్తున్నట్టు నటించి ఆర్పేసింది. ఆ చీకట్లో భార్యాభర్తలిద్దరూ తింటున్నట్టు చేతులు ఆడించారు. అతిథి కడుపు నిండా తిన్నాడు, వాళ్ళు పస్తు పడుకున్నారు. ఈ కథ చెప్పినప్పుడల్లా తాతయ్య గొంతు ఒకేచోట బొంగురుపోయేది. వంద సార్లు విన్నా, ఆ చోటు వస్తుందని నాకు తెలిసినా, నాకూ ఏడుపు వచ్చేది.

ఒకసారి కుట్టేసిన పేజీల్లో ఏముందని అడిగాను. ఆయన చేతిలో పని ఆపాడు.

"ఆకలి కనబడొద్దని దీపం ఆర్పుకున్నోళ్ళు బిడ్డా వాళ్ళు. వాళ్ళింట్ల తగువైతే మనం దీపం పట్టుకపోయి చూసుడెందుకు?" అన్నాడు. నాకు సగం అర్థమైంది. ఆ మిగిలిన సగమే నా కొంప ముంచింది.

నాకు పదేళ్ళప్పుడు తాతయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. పెద్ద దవాఖానలో కొన్నాళ్ళు ఉంచి, ఇక ఇంట్లోనే చూసుకోమని పంపేశారు. ముందుగదిలోనే ఆయనకు మంచం వేశాం. దుకాణం మా చిన్నాన్న, మా మేనత్త భర్త కలిసి నడిపేవారు. చిన్నాన్న కుట్టేవాడు, మామయ్య అట్టలు కోసేవాడు. అత్తయ్య తుర్కయంజాల్ నుంచి రోజూ భర్తతో పాటు బస్సులో వచ్చి, తండ్రికి తన చేత్తో జావ తాగించి వెళ్ళేది. ఇంకెవరు తాగించినా ఆయన రెండు గుక్కలకే నోరు మూసేవాడు. సాయంత్రం అసర్ వేళకు మగవాళ్ళు మంచం పక్కనే నమాజు చదివేవారు. చిన్నాన్న ముందు నిలబడి చదివిస్తే, మామయ్య, మా నాన్న వెనక నిలబడేవారు. వాళ్ళు నడుం వంచే రుకూను, నేలకు నుదురు ఆనించే సజ్దాను తాతయ్య కనురెప్పలతోనే చేసేవాడు.

ఇక నాకు కథలు చెప్పేవాళ్ళు లేరు. పుస్తకం తెచ్చుకుని వచ్చీరాని ఉర్దూలో కూడబలుక్కుంటూ చదివాను. అన్నీ విన్నవే. వినని కథలు ఆ దారం వెనకే ఉన్నాయి కదా అనిపించింది. దీపం కథకంటే మంచిది ఏదో తాతయ్య దాచిపెట్టాడని, దాన్ని ఆయనకే చదివి వినిపిస్తే సంతోషిస్తాడని అనుకున్నాను. అట్టలు కోసే కత్తితో దారం కోసేశాను. తీరా చూస్తే ఆ పేజీల్లో మాటలు మరీ కష్టంగా ఉన్నాయి. పుస్తకం పట్టుకెళ్ళి, తాతయ్యకు వినబడేటట్టు చదవమని చిన్నాన్న చేతిలో పెట్టాను.

ఆయన మొదట మామూలుగానే చదివాడు. ప్రవక్త పోయిన కొన్నేళ్ళకు ఆ మహనీయుల మధ్యే వచ్చిన అభిప్రాయ భేదాలు, అవి కత్తుల దాకా పోవడం, అంతా ఉంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, ఇందులో ఫలానా ఆయనదే తప్పన్నాడు. మామయ్య తలెత్తి, కాదు ఇంకొకరిది అన్నాడు. తర్వాత మాటకు మాట పెరిగింది. గల్లీ ఎలక్షన్లో నిలబడ్డవాళ్ళ గురించి మాట్లాడినట్టు మాట్లాడుకున్నారు. ఇద్దరూ ఐదు పూటలా నమాజు చదివేవాళ్ళే. ఆ పేర్ల వెనక రావలసిన 'రజియల్లాహు అన్హు' అనే దువా మాత్రం ఇద్దరి నోటా రాలేదు.

"నోరు జర సంభాళించుకో. ఎవలను అంటున్నవో ఎరికేనా నీకు?" అన్నాడు మామయ్య.

"కితాబుల ఉన్నదే చదివిన. నేనేమన్న పుట్టిచ్చిన్నా?"

నేను మంచం అంచున, తాతయ్య ఎడమ పక్కన కూర్చుని ఉన్నాను. ఆయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. వాళ్ళకు వినబడలేదు. ఆయన ముఖం ఎర్రబడింది, కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. పనిచేసే ఆ ఒక్క చెయ్యి పైకెత్తాడు. వాళ్ళను ఆగమంటాడేమో అనుకున్నాను. ఆ చేత్తో నా చెవి మూశాడు. జిగురుకు, దారానికి గట్టిపడిన అరచెయ్యి అది. గట్టిగా అదిమి నన్ను తనవైపు లాగబోయాడు కానీ ఆయనలో అంత బలం లేదు. నేను కొయ్యలా కూర్చున్నాను. ఒక చెవిలో ఆయన అరచేతి వేడి, రెండో చెవిలో వాళ్ళ కేకలు. ఆయనకు ఉన్నది ఒక్కటే చెయ్యి. నేనే కాస్త ఆయన మీదికి ఒరిగి ఉంటే, రెండో చెవి ఆయన గుండెకు ఆని మూసుకుపోయేది. ఆయన లాగింది అందుకేనని నాకు తట్టేసరికి నాకే పిల్లలు పుట్టారు.

"ఇయాల్టి సంది నీ వెనక నమాజు చదవ," అనేసి మామయ్య వెళ్ళిపోయాడు. గుమ్మంలో నిలబడి అత్తయ్యను కూడా బయలుదేరమన్నాడు. ఆమె జావ గిన్నె పొయ్యి దగ్గర పెట్టి, చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళింది.

మర్నాడు అత్తయ్య రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బస్సు వచ్చే వేళకు తాతయ్య తల తలుపు వైపు తిరిగేది, ఆ వేళ దాటాక గోడవైపు తిరిగేది. మా అమ్మ తాగిస్తే రెండు గుక్కలు, అంతే. మా నాన్న తుర్కయంజాల్ వెళ్ళి బతిమాలాడు, మామయ్య వినలేదు. చిన్నాన్నను సారీ చెప్పమంటే, తను అన్నదాంట్లో తప్పేముందని ఎదురడిగాడు. మనిషి కళ్ళముందే ఎండిపోతున్నాడు. ఇంటిల్లిపాదీ చూస్తూ కూర్చున్నాం. దారం కోసింది నేనేనన్న సంగతి తాతయ్యకు తప్ప ఎవరికీ తట్టలేదు, నేనూ చెప్పలేదు.

నాలుగో రోజో ఐదో రోజో ఆయన నన్ను కళ్ళతో పిలిచి, దారాల డబ్బా వైపు చూపు తిప్పాడు. తెచ్చాను. పుస్తకం వైపు చూశాడు. తెచ్చి ఆయన పొట్టమీద పెట్టాను. చచ్చుబడిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, ఆ కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు. ఎడమచేత్తో దారం బిగించి పట్టుకున్నాడు. పాత కన్నాల్లోంచి దబ్బనం దూర్చి లాగడం నా పని. నాకు కన్నాలు సరిగా కనబడలేదు, కళ్ళనిండా నీళ్ళు. కొన్ని వదిలేశాను, కొన్నిచోట్ల కొత్తవి పొడిచాను. ఆయన విసుక్కోలేదు. ముడి వేశాక, వంకరటింకరగా వచ్చిన ఆ కుట్టును వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు తడిమి చూశాడు. ఆ వేలితోనే నా చెంప తుడిచాడు.

శుక్రవారం మామయ్య తన కత్తి, అట్టలు కోసే చెక్క తీసుకుపోవడానికి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. తాతయ్య పొట్టమీది పుస్తకాన్ని ఎడమచేత్తో ఆయన వైపు తోశాడు. అది మంచం మీంచి జారబోతుంటే మామయ్య పట్టుకున్నాడు. ఆ కుట్టును చూశాడు, నన్ను చూశాడు. తాతయ్యను చూడలేకపోయాడు. కాసేపటికి మంచం పక్కన నేలమీద చతికిలబడి ముఖం కప్పుకున్నాడు. అసర్ వేళయింది. లోపలిగదిలోని చిన్నాన్నను మా నాన్న రెండుసార్లు పిలిచాడు. ఆయన రాలేదు, నాన్న బతిమాలుతూ అక్కడే ఉండిపోయాడు. ఆ రోజు మామయ్య మంచం పక్కన ఒక్కడే నిలబడి నమాజు చదివాడు.

మర్నాడు అత్తయ్య వచ్చింది. తాతయ్య గిన్నెడు జావ తాగాడు. ఆ తర్వాత రెండు నెలలే బతికాడు. ఆ రెండు నెలల్లో చిన్నాన్న, మామయ్య ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఆయన కళ్ళబడనే లేదు. ఖననానికి ముందు చదివే జనాజా నమాజులో మాత్రం వాళ్ళిద్దరూ ఒకే వరసలో భుజం భుజం ఆనించి నిలబడ్డారని మా నాన్న చెప్పాడు. అది చూడాల్సినవాడు వాళ్ళ ముందు తెల్లటి కఫన్ గుడ్డలో ఉన్నాడు.

ఆ పేజీలను తాతయ్య చదవకుండా కుట్టలేదని మా అమ్మ తర్వాత చెప్పింది. చదివి, రెండు రోజులు అన్నం ముట్టక, ఆ తర్వాత కుట్టాడట. ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. జిగురు గిన్నె పక్కనే ఉన్నా ఆయన దారమే వాడాడు. జిగురైతే కాగితం చిరిగితే గానీ విడిపోదు. దారం ఎప్పుడైనా విప్పుకోవచ్చు. ఎవరూ ఎన్నడూ చదవకూడదని ఆయన ఉద్దేశం కాదు. మనల్ని కన్నవాళ్ళు పోట్లాడుకుంటే ఏ బాధతో వింటామో, ఆ బాధ లోపలికి వచ్చాకే ఎవరైనా విప్పాలి. నేను రిటైరయ్యాక ఒక్కసారి విప్పి చదివాను. తీర్పు చెప్పాలని అనిపించలేదు, ఏడుపు వచ్చింది. మళ్ళీ అవే వంకర కన్నాల్లోంచి కుట్టేశాను.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో మా అబ్బాయి దగ్గరుంటున్నాను. మనవరాలు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వెళ్తుంది. మొన్న సాయంత్రం నా పక్కన కూర్చుని ఫోన్ చూస్తోంది. ఎవరో ఇద్దరు బల్లకు అటూ ఇటూ కూర్చుని వేళ్ళు చూపించుకుంటూ అరుచుకుంటున్నారు. ఏంటమ్మా అంటే, సహాబీల గురించి డిబేట్ నానమ్మా, లక్షలమంది చూస్తున్నారు అంది. ఆలోచించకుండానే రెండు చేతులూ చాచి దాని చెవులు మూశాను. మా తాతయ్యకు లేని రెండో చెయ్యి నాకుంది. కానీ దాని చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఆ కేకలు నా చేతులకు లోపలే ఉన్నాయి.

"ఏం చేస్తున్నవ్ నానమ్మా?" అని నవ్వింది పిల్ల.

లేచి అలమారాలోంచి పుస్తకం తెచ్చి దాని ఒళ్ళో పెట్టాను. దారం పాతబడి ఒకచోట తెగింది, నా కళ్ళకు సూది కన్నం కనబడటం లేదు, ఎక్కించి ఇవ్వమన్నాను. మాట సరిగా వినబడక అది ఒక చెవిలోది తీసింది. రెండోది ఇంకా వాగుతూనే ఉంది. దాన్ని తీయమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పోట్లాడే గొంతులతో పోటీపడటం మా తాతయ్యకూ చేతకాలేదు. మదీనాలో ఒక ఇంటికి ఆకలితో ఉన్న అతిథి వచ్చాడని మొదలుపెట్టి, ఆ సహాబీ ప్రస్తావన రాగానే, అది ఎక్కించి ఇచ్చిన సూది కింద పెట్టి దువా పూర్తిగా అన్నాను. దాని రెండో చెవి నా భుజానికి ఆనేలా, నేనే కాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాను.