పత్యం పెట్టమన్నది నేనే

1999 అక్టోబరులో ఒక సోమవారం, నలుగురు పేషెంట్ల ముందు, ఒక మనిషిని నేను సోమరి అన్నాను. అంతకంటే పెద్ద తప్పు ఆరు వారాల ముందే చేసి ఉన్నాను. చేసినట్టు నాకు ఆ రోజు దాకా తెలియదు.

నిజామాబాద్‌ కంఠేశ్వర్‌లో నేను ఫిజియోథెరపీ గది పెట్టి అప్పటికి నాలుగేళ్లు. మెడనొప్పులు, మోకాళ్లు, పక్షవాతం, ఇవే ఎక్కువగా వచ్చేవి. ఊపిరితిత్తుల పేషెంటు ఎప్పుడో ఒకరు. ఎలీషా అలా వచ్చినవాడు. మోస్రా ఊరు, నలభై ఏళ్లుంటాయి, చెరుకు కొట్టే పని. పాత టీబీతో ఎడమ ఊపిరితిత్తి పూర్తిగా చెడిపోతే హైదరాబాదులో ఆపరేషన్ చేసి తీసేశారు. దాన్ని న్యుమోనెక్టమీ అంటారు. మిగిలిన ఒక్కదానితో మనిషి బతకగలడు, తేలికపాటి పనీ చేసుకోగలడు. బోధన్ వైపు చెరుకు తూచే కాటా దగ్గర బండ్లను వరుసలో నిలబెట్టే పని ఇస్తామని అతనికి మాట ఇచ్చారు. సీజన్ మొదలయ్యేలోగా కాళ్ల మీద నిలబడాలి. ఇంటిల్లిపాదీ ఆ పని మీదే ఆశ పెట్టుకున్నారు.

హైదరాబాదు డాక్టరు ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు రెండు. మొదటిదాంట్లో శ్వాస వ్యాయామాలు రాసి ఉన్నాయి. అది నా పని కాబట్టి చదివాను. రెండోది తిప్పి చూడలేదు. ఎలీషా భార్య రూతమ్మ తలుపు దగ్గర ఆగి అడిగింది.

"సారూ, తినేతందుకు ఏం పెట్టాలె?"

నేను ఇంకొకరి నడుముకు బరువులు కడుతున్నాను. తల ఎత్తకుండానే, "పత్యం చెయ్యుండ్రమ్మా, తేలికగ పెట్టుండ్రి" అన్నాను.

మా వైపు ఆపరేషన్ అయిన మనిషికి పత్యమంటే ఏమిటో నాకు తెలియక కాదు. పప్పు తింటే కుట్లు చీము పడతాయంటారు. గుడ్డు వేడి, మాంసం అసలే వద్దు. మనిషిని మంచం దిగనివ్వరు. చారన్నం, జావ, మళ్లీ చారన్నం. మా అమ్మ కూడా నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు అదే పెట్టింది. ఫిజియోథెరపీ చదివి, కండ ఎలా పెరుగుతుందో పరీక్షలో పేజీలు నింపి, చివరికి నా నోటికి వచ్చింది మా అమ్మ మాట.

ప్రతి సోమవారం బస్సెక్కి ఇద్దరూ వచ్చేవారు. స్పైరోమీటర్ అని ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, అందులో మూడు గోళీలు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే గోళీలు పైకి లేవాలి. మొదటి వారం ఎలీషా రెండు లేపాడు. నాలుగో వారానికి ఒక్కటే. ఊపిరి తగ్గుతోందని డబ్బా చెబుతూనే ఉంది. నేను మాత్రం ఇతను ఇంట్లో సాధన చేయడం లేదని తీర్మానించుకున్నాను. బరువు చూసే మిషను మూలన ఉండేది. దాని మీద తువాళ్లు మడిచి పెట్టుకునేవాణ్ణి.

ఇంకొకటి చెప్పాలి. వచ్చినప్పుడల్లా రూతమ్మ వరిపొట్టు పోసిన టిఫిను డబ్బాలో గుడ్లు తెచ్చేది. "పత్యం మనిషికి పనికిరాకపాయె సారూ. కోళ్లేమో పెట్టుడు ఆపుతలెవ్వు. మీరన్న తినుండ్రి" అనేది. నేను తీసుకుని మా ఇంటికి పంపేవాణ్ణి. ఆరు వారాలు ఆ గుడ్లు నేను తిన్నాను. ఒక్కసారి కూడా ఆమె మాటలో నాకు ఏమీ వినిపించలేదు.

ఆ సోమవారం గోళీ ఒక్కటి కూడా కదల్లేదు. బెంచీ మీద కూర్చున్న ముసలాయన నవ్వాడు. "ఏందిర, పొద్దంత చెరుకు కొట్టినోనివి, గోళీ లేపుతలెవ్వా?"

ఎలీషా కూడా నవ్వాడు. "గోళీలు లేసుడు ఎక్కడిది కాకా, నేనే లేస్తలేను."

నాకు చిరాకు పుట్టింది. "నువ్వు సోమరివి ఎలీషా. కష్టపడుడు లేదు, మీదికెల్లి జోకులు. లే, కుర్చీల కెల్లి చేతులు పెట్టకుంట లే" అన్నాను.

ముందుకు వంగాడు. తొడలు వణికాయి. మళ్లీ ప్రయత్నించి వెనక్కి కూలబడ్డాడు. జబ్బ పట్టుకుని లేపబోయాను. నా బొటనవేలు, మధ్యవేలు అతని జబ్బ చుట్టూ తిరిగి ఒకదానికొకటి తగిలాయి. చెరుకు కొట్టిన చెయ్యి అది.

అప్పుడు అడిగాను, మొదటిసారి. "ఏం తింటున్నవు?"

జవాబు రూతమ్మ చెప్పింది, కొంచెం గర్వంగానే. "సారన్నం సారూ. పొద్దుగాల జావ. పప్పు కూడ ముట్టనియ్యలే. మంచం కూడ దిగనియ్యలే. మీరు సెప్పినట్టే సేసిన."

గదిలో అందరూ నా వైపు చూశారు. అక్కడే నేను ఇంకో తప్పు చేశాను, తెలిసి చేశాను. "గంత గట్టిగ ఎవలు చెయ్యమన్నరమ్మా? మనిషిని ఎండబెట్టినవు గద" అన్నాను. టిఫిను డబ్బా నా బల్ల మీద పెట్టి, భర్తను పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది.

వాళ్లు వెళ్లాక రెండో కాగితం తీశాను. రోజూ నడిపించాలి, పప్పు, గుడ్లు, పాలు, మాంసం బాగా పెట్టాలి అని ఉంది. కింద గీత కూడా గీశారు. కారణం నాకు తెలిసిందే. ఊపిరి పీల్చేది కూడా కండలే. పక్కటెముకల మధ్య ఉన్నవి, కడుపు పైన ఉన్న డయాఫ్రం. తిండిలో మాంసకృత్తులు లేకపోతే ఒళ్లు తన కండను తానే కరిగించుకుంటుంది. మంచం మీద పడుకోబెడితే ఇంకా తొందరగా కరుగుతుంది. కాళ్లు సన్నబడ్డవాడికి నాలుగడుగులకే ఆయాసం, దగ్గి కఫం తెంచడానికి కూడా బలం చాలదు. ఈ రోజుల్లో ఊపిరితిత్తుల మార్పిడి చేయించుకున్నవారిని పంపినా నేను మొదట చూసేది ఛాతీ కాదు, తొడలు. లోపల కొత్త ఊపిరితిత్తి ఎంత మంచిదైనా మనిషిని నడిపించాల్సింది ఆ కండలే. ఎలీషాకు ఆ సంగతి చెప్పాల్సినవాణ్ణి నేను.

ఆ వారమంతా మనసు మనసులో లేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిసే వేళకు మోస్రా వెళ్లాను. వాకిట్లో ఎలీషా తల్లి దీనమ్మ కోడలిని నిలబెట్టి తిడుతోంది, పక్కింటివాళ్లు వింటున్నారు.

"కోళ్లు బలుస్తున్నయి, నా కొడుకు ఎండుతున్నడు. మొగని కడుపు కట్టినదానివి, గుడిల ముందల కూసుంటవా? సారే అన్నడంట గద, ఎండబెట్టినవని!"

రూతమ్మ తల వంచుకుని బియ్యం చెరుగుతోంది. నేను అన్న మాట నాకంటే ముందే ఆ ఊరు చేరింది.

"అవ్వా, ఆమె తప్పు లేదు. పత్యం పెట్టమన్నది నేనే. డాక్టర్ రాసిన కాగితం నేను చదవలే. మొన్న అందరి ముందట ఆమె మీదికి తోసిన, అది అబద్ధం" అన్నాను.

దీనమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "సదువుకున్నోనివి గద బిడ్డా!" అంది. అంతే.

రూతమ్మ చేట కింద పెట్టి లోపలికి వెళ్లింది. ఏడ్చిందో లేదో తెలియదు. ఎలీషానే మంచం మీద నుంచి పిలిచాడు. "గిట్ల రా సారూ, లేపు. సోమరోన్ని గద, ఒక్కన్ని లేవను."

ఆ రోజు పందిరి గుంజ నుంచి గుంజకు నడిపించాను. ఆ తర్వాత నాలుగు నెలలు ప్రతి ఆదివారం వెళ్లాను. మొదట వాకిలి, తర్వాత వీధి, తర్వాత కాలువ గట్టు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఇసుక నింపిన సీసాలు ఎత్తడం. రూతమ్మ పప్పు, గుడ్లు, పల్లీలు పెట్టింది. గోళీలు ఒకటొకటిగా లేచాయి.

కాటా దగ్గరి పని మాత్రం ఆ ఏడు వేరేవాళ్లకు పోయింది. భర్త ఇంట్లో ఉండగా రూతమ్మ ఒక్కతే చెరుకు కొట్టడానికి పోయింది. మరుసటి సీజన్‌కు గానీ ఎలీషా బండ్ల ముందు నిలబడలేదు. ఆ ఏడాదిని నేను తిరిగి ఇవ్వలేను.

నేను మొదటిసారి మోస్రా వెళ్లిన మరునాడే, సోమవారం, నా గదిలో, అదే బెంచీ మీద కూర్చున్నవాళ్లు వినేలా, ఎలీషాకు, రూతమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. బరువు మిషను మీది తువాళ్లు తీసేశాను. అప్పటి నుంచి, నిన్న ఏం తిన్నావని అడగకుండా ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయడం లేదు.

తర్వాతి సంవత్సరాల్లో మోస్రా, వర్ని వైపు ఎవరికి ఆపరేషన్ అయినా రూతమ్మ వాళ్లింటికి వెళ్లి, పత్యం పెట్టొద్దని, నడిపించమని చెప్పి వచ్చేది. పెద్దవాళ్లు ఒప్పుకోరు కదా, కారణం అడుగుతారు. "ఏమని సెప్పాలె సారూ?" అని ఒకసారి నన్ను అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను. నా పేరు పెట్టే చెప్పమన్నాను. ఇప్పటికీ ఆ ఊళ్ల నుంచి వచ్చే పేషెంట్లలో కొందరు నా గదిలో అడుగు పెట్టేసరికే ఆ సంగతి తెలుసుకుని వస్తారు.