ముత్తాత జబ్బు వెతుక్కుంటూ గుంతకల్లుకు

నా కడుపు మీద ఎడమ పక్క, పక్కటెముకల కింద, రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటి ఉంది. మా నాయనకూ ఉండేది. మా అన్నకు ఉంది, నా కూతురు సుజాతకు ఉంది. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మూడో నెలలో పసుపు కొమ్ము కాల్చి అక్కడ చురుకు పెడతారు. పెట్టేది మా మేనత్త నాగమ్మ. ఆమెకు ఎనభై ఆరేళ్ళు. రాప్తాడులో మా ఇంటికి ముఖ్యమంత్రి, హోంమంత్రి అన్నీ ఆమే.

ఎందుకంటే మా ముత్తాత ఓబులేసు బల్లరోగంతో చనిపోయాడట. కడుపులో ఎడమ పక్క ప్లీహం గట్టిపడి పెరుగుతుందే, ఆ జబ్బు. అది వంశంలో ఉందని, చురుకు పెడితే పెరగదని అత్త నమ్మకం. ఇంకో కట్టడి కూడా ఉంది. మా ఇంట్లో పగలు ఎవరూ పడుకోకూడదు, పడుకుంటే బల్ల పెరుగుతుందట. ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసిన నేను సెలవు రోజు కూడా మధ్యాహ్నం కన్ను మూసి ఎరగను.

ఇప్పుడు సుజాత కొడుక్కి మూడో నెల. ఆదివారం చురుకు అని అత్త చెప్పేసింది. సుజాత నర్సు. నా బిడ్డ ఒంటి మీద నిప్పు పెట్టనివ్వను పొమ్మంది. అత్త లేచి ట్రంకు పెట్టె తీసి, దొరల కాలంనాటి ఇంగ్లీషు కాగితం ఒకటి తెచ్చి మంచం మీద వేసింది. ఓబులేసు పనికి పోయి గుంతకల్లులో చనిపోయినప్పుడు అక్కడి తెల్ల డాక్టరు రాసిచ్చింది. ఆ కాగితాన్ని మా ఇంట్లో అందరూ కళ్ళకద్దుకున్నారు గానీ ఇంతవరకు ఒక్కరూ చదవలేదు. నేనూ అంతే, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

సుజాత రెండుసార్లు చదివింది. "నాయనా, బల్ల జబ్బుగా ఉండాదని ఒక మాట రాసినాడు. అది పగిలి సచ్చిపోయినాడని ఇంకో మాట రాసినాడు. ఊరికే యాడ పగుల్తాది? గట్టిగా ఏమన్నా తగలల్ల."

"ఏం తగిలిందంట? ఎవురు చూసినారంట?" అంది అత్త. "చూసినోల్లను పిల్చుకోని రాండి, వింటా. లేదంటే ఆదివారం సురుకు పెట్టేది పెట్టేదే."

నూరేళ్ళు దాటిన సంగతికి సాక్షిని తెమ్మంటే యాడ తెచ్చేది? అయినా మనవడి బొజ్జ చూస్తే ఊరుకోబుద్ధి కాలేదు. శుక్రవారం పొద్దున బయలుదేరాను.

ఆరూ ఇరవైకి రాప్తాడు రోడ్డు మీద బస్సు దొరికింది. కండక్టరు ఒక అమ్మాయి. చిల్లర అడగకముందే ఇచ్చింది, నిలబడ్డవాళ్ళను లోపలికి జరిపింది. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క నాకు దిగులేసింది. అనంతపురం స్టేషన్ ముందు ఉగ్గాని బజ్జి తిన్నాను. ఉగ్గాని అంటే తెలియనివారికి, బొరుగులు నానబెట్టి తాలింపు వేసేది. గుంతకల్లు వెళ్ళేవారు ఇక్కడే తినేయండి, రైల్లో టీ తప్ప ఏమీ రాదు. ఏడూ నలభైకి రావాల్సిన పాసింజరు ఎనిమిదికి వచ్చింది. జీవితమంతా బస్సులో గడిపినవాణ్ణి కాబట్టి రైలు ఆలస్యమైతే నాకు లోలోపల సంతోషంగా ఉంటుంది.

నా ఎదురుగా గార్లదిన్నెలో దిగాల్సిన రైతు ఒకాయన కూర్చున్నాడు. కిటికీలో దున్ని పెట్టిన ఎర్ర నేల, ఆ నేల మీద ఒక్క పచ్చని చుక్క లేదు. చెనిక్కాయ విత్తడానికి వాన కోసం చూస్తున్నామన్నాడు. యాడికి పోతాండావన్నా అని అడిగాడు. నాకు దాచడం చేతకాదు, మొత్తం చెప్పేశాను. ఆయన చొక్కా ఎత్తి వీపు చూపించాడు.

"నాకు కామెర్లకు పెట్టినారు, ఈడ చూడు. తగ్గిందో లేదో తెలీదు గానీ, మా అవ్వను చూస్తే పరిగెత్తేది మాత్రం తగ్గలేదు."

పక్క సీటు ముసలామె తన చెయ్యి చూపించింది. ఇంకొకాయన పంచె సర్దుకుంటూ, నాది చూపించే చోట లేదప్పా అన్నాడు. గార్లదిన్నె వచ్చేదాకా పెట్టె మొత్తం నవ్వులే.

తొమ్మిదిన్నరకు గుంతకల్లులో దిగాను. నాలుగు దిక్కులకూ పట్టాలు, ఏ ఇంటి తలుపు తట్టినా రైల్వే ఉద్యోగి. స్టేషన్ దగ్గరి లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రమే, గూడ్సు బండి పోయినప్పుడల్లా మంచం కూడా కాస్త ప్రయాణం చేస్తుంది. దొరల కాలంనాటి దవాఖానా యాడుండేదని టీ అంగడిలో అడిగితే, అది ఎప్పుడో కూలిపోయిందన్నారు. పాత సంగతులు కావాలంటే రిటైరైన గుమాస్తా ఒకాయన ఉన్నాడని దారి చూపించారు.

గుమాస్తాగారు నన్ను ఎండలో గంటన్నర తిప్పారు. దొరల బంగ్లాలు, దొరలు టెన్నిస్ ఆడిన చోటు, వాళ్ళ డాన్సు హాలు ఉండిన చోటు. "తెల్లోల్లు బలే క్రమశిక్షణ గల మనుషులప్పా. ఈ కరువు సీమకు పని చూపించిందే వాళ్ళు" అన్నారు.

"ఆ బంగ్లాల్లో మనోళ్ళు ఏం పని చేసేవాళ్ళు?"

"వంట, తోట, పంకా. కరెంటు లేదు కదా, పైన గుడ్డ పంకా కట్టి వరండాలో కూర్చుని తాడు లాగేవాళ్ళు."

"మనోళ్ళను కొట్టేవాళ్ళా?"

ఆయన గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకున్నారు. "అట్లాంటివేమీ జరగలేదు. జరిగినా ఇప్పుడెందుకు అవి?" అన్నారు. ఆ రెండో వాక్యం నాకు బాగా నచ్చింది. టిక్కెట్టు లేనివాడు కూడా ఇంచుమించు అట్లాగే మాట్లాడతాడు. మొదట తీసుకున్నానంటాడు, తర్వాత తీసుకోకపోతే ఏమంటాడు. మెల్లగా గిల్లుతూ పోయాను. చివరికి విసుగెత్తి, పాత ఫోటోలు కావాలంటే డోరతీ టీచర్ను అడుగు, వాళ్ళ తాత ఆ దవాఖానాలోనే కట్లు కట్టే డ్రెస్సరు, అని పంపేశారు.

సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. డోరతీ టీచర్‌కు ఎనభైకి ఒకటి తక్కువ. పూల గౌను, తెల్లని జుట్టు, గుంతకల్లు తెలుగు. ముత్తాతల్లో ఒకాయన తెల్లవాడట. మిగతా అంతా ఈ మట్టేనప్పా అంది. కేకు ముక్క, కారం బొరుగులు ఒకే ప్లేటులో పెట్టింది. ఫోటోల కోసం వచ్చినావా అంటే, కాదు టీచరమ్మా, మా ముత్తాత కోసం అని డాక్టరు కాగితం చేతికిచ్చాను. చదివి, అద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివింది.

"పేరేమన్నావు?"

"ఓబులేసు."

ఆమె లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో అట్ట ఊడిన నోటుబుక్కు ఉంది. "మా తాత రాసింది. ఉద్యోగం పోతాదని ఆయన ఎవురికీ చూపియ్యలేదు. సిగ్గని మా నాయన చూపియ్యలేదు. నేను ఏంటికి చూపియ్యలేదో నాకే తెలీదు. ఎవురూ అడగలేదు." ఇంగ్లీషులో ఉన్నదాన్ని వేలు పెట్టి చదువుతూ తెలుగులో చెప్పింది.

ఓబులేసు, పంకా లాగేవాడు. తెల్లారినప్పటి నుంచి లాగుతున్నాడు. ఎండాకాలం, మధ్యాహ్నం. కునుకు పట్టి తాడు ఆగింది. ఆఫీసరు దొర నిద్ర లేచి వచ్చి బూటుకాలితో కడుపులో తన్నాడు, రెండుసార్లు. సాయంత్రానికి ప్రాణం పోయింది. ముందే బల్ల పెరిగి ఉన్న మనిషి, చిన్న దెబ్బకే పగిలింది, అని డాక్టరు కోర్టుకు రాశాడు. దొరకు జుల్మానాతో సరిపోయింది. ఆ కింద డ్రెస్సరు తన మాటగా ఒక్క ముక్క రాసుకున్నాడు: శవాన్ని కోసినప్పుడు పక్కన నేనే ఉన్నాను, బల్ల పెరిగి లేదు.

నేను పొద్దున్నుంచీ నవ్వుతూనే తిరుగుతున్నాను. అప్పుడు మాత్రం కేకు ముక్క ప్లేటులోనే పెట్టేశాను. ఏడుపు కాదు, కోపం. తన్నినవాడు ఎప్పుడో పోయాడు. వాడు తప్పించుకోవడానికి కల్పించిన జబ్బుకు మూడు తరాలుగా మా పిల్లల కడుపులు మేమే కాల్చుకున్నాం. పగలు పడుకోకూడదన్న కట్టడి యాడ నుంచి వచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. కునుకు తీసినందుకు పోయాడని ఎవరో ఒకరు ఇంటికి చెప్పే ఉంటారు. ఆ ముక్కను కూడా జబ్బులో కలిపేసుకున్నాం.

"ఇంకా ఉండారప్పా" అని టీచర్ పేజీలు తిప్పింది. తిప్పన్న, నీళ్ళు మోసేవాడు. మస్తాను, తోటమాలి. హనుమక్క, ఆయా. ముగ్గురికీ డాక్టరు రాసింది అదే జబ్బు, అదే మాట. ఈ ఊళ్ళో దొరలు ఎవరి మీద కాలెత్తినా వాళ్ళకు ముందే బల్లరోగం ఉండేదన్నమాట.

పుస్తకం ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. ఫోను తీసి ఫోటోలు తీసుకుంటానన్నాను. మా అత్త చూసినవాళ్ళను తెమ్మంది, ఫోటోలు నమ్ముతుందో లేదో అని కూడా చెప్పాను.

"చూసినాయన లేడు. ఆయన మనవరాలు వస్తే మీ అత్తకు చాలునా?" అంది. నిజంగా వస్తారా టీచరమ్మా అంటే, "బస్సులో కిటికీ పక్క సీటు ఇప్పిస్తే వస్తా" అంది.

శనివారం పదీ పదికి గుత్తి మీదుగా పోయే బస్సు. కిటికీ సీటు సంపాదించాను, ముప్పై రెండేళ్ళ అనుభవం ఊరికే పోదు. పొద్దున పూట అనంతపురం వైపు వచ్చేవారు కుడి పక్క కూర్చోండి, ఎండ తగలదు. గుత్తిలో జామకాయలు కొన్నాను. టీచర్ ఉప్పూ కారం అద్దుకుని రెండు తిని, నోటుబుక్కు ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని దారి పొడవునా ఎక్కేవాళ్ళను, దిగేవాళ్ళను పలకరించింది. గార్లదిన్నె దగ్గర నాకు కళ్ళు మూతలు పడ్డాయి. ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాను.

"పండుకోప్పా. నేను చూసుకుంటా లే" అంది.

అనంతపురం వచ్చేదాకా పడుకున్నాను. పగటి నిద్ర ఇంత బాగుంటుందని అరవై దాటాక తెలిసింది.

ఒంటిగంటకు రాప్తాడులో ఇంటికి చేరాం. వరండాలో అత్త. పక్కన చిన్న గిన్నెలో పసుపు కొమ్ము, రేపటికి సిద్ధంగా ఉంది. టీచర్ ఎదురుగా కూర్చుని పుస్తకం తెరిచి మొత్తం చదివి చెప్పింది. అత్త మధ్యలో ఒక్కసారి ఆపింది.

"ఇది నిజమని నేనేంటికి నమ్మల్ల?"

"ఆ తప్పుడు కాగితం రాసిన చోట కూలి తిన్నోడు మా తాత, అమ్మా. చూసి కూడా నోరు మూసుకున్నాడు. మా ఇంటి తప్పు చెప్పుకునేదానికి ఇంత దూరం అబద్ధం మోసుకోని వస్తానా?"

అత్త పసుపు కొమ్ము ఉన్న గిన్నెను పక్కకు జరిపింది. తర్వాత, "తెల్లారినప్పటి నుంచి లాగినాడా?" అని అడిగింది. అవునంది టీచర్.

"అయితే మనిషికి నిద్ర రాదా?"

నన్ను దగ్గరకు పిలిచింది. చొక్కా ఎత్తి మచ్చ మీద చెయ్యి పెట్టింది. "నేనే పెట్టినాను రా రామాంజీ. నువ్వు బలే ఏడ్చినావు." నాకు గుర్తులేదత్తా అన్నాను. నాకు గుర్తుండాది అంది. కళ్ళు కొంగుతో తుడుచుకుని, పసుపు కొమ్ము సుజాత చేతిలో పెట్టి, "పప్పులో కొట్టి వెయ్యిపో, టీచరమ్మ ఆకలితో ఉండాది" అంది.

సంగటి, పప్పు, చెనిగ్గింజల చట్నీ. గుంతకల్లులో ఇంత మంచి సంగటి తినలేదని టీచర్ రెండు ముద్దలు తినింది. తింటూనే, మిగతా మూడు పేర్లు కూడా అందరికీ తెలిసేట్టు రాయమని నాతో మాట తీసుకుంది. అందుకే ఇది రాస్తున్నాను. తిప్పన్న, మస్తాను, హనుమక్క. మీ ఇంట్లో గుంతకల్లులో బల్లరోగంతో పోయిన పెద్దలు ఎవరైనా ఉంటే పాసింజరు ఎక్కండి, టీచరమ్మ తలుపు తీస్తుంది. మంచి ప్రయాణం, నేను హామీ.

రెండుంపావుకు మనవడు ఉయ్యాలలో నిద్రపోయాడు. అత్త వాడి బొజ్జ మీద చొక్కా సర్ది, ఫ్యాను వేగం పెంచమంది. తర్వాత ఉయ్యాల పక్కనే చాప పరుచుకుంది. ఎనభై ఆరేళ్ళ మనిషి, నాకు తెలిసి పగలు ఒక్కసారి కూడా నడుం వాల్చని మనిషి, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది.

"ఎవురొచ్చినా లేపొద్దండి" అంది.